కళ్లంలో ధాన్యం ఎక్కించడానికి బెల్టు మేలా, స్క్రూ మేలా?

కోత మిషన్లు వచ్చాక మా గోదావరి డెల్టాలో పంట చేలోంచి బయటికి రావడం గంటల్లో అయిపోతోంది. ఆ తర్వాత పనే ఇంకా పాత పద్ధతిలో ఉంది. చేలోంచి ట్రాక్టర్ ట్రక్కులో తెచ్చిన ధాన్యాన్ని కళ్లంలోనో, కాలవ గట్టు మీదో, రోడ్డు వారనో బరకాల మీద పోసి ఆరబెడతాం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి ఆరబెట్టక తప్పదు. ఆరిన ధాన్యాన్ని కుప్ప చేసి మళ్లీ ట్రక్కులోకో లారీలోకో ఎత్తాలి. సార్వా (ఖరీఫ్) కోతలు సరిగ్గా తుపాన్ల కాలంలో పడతాయి. దాళ్వా (రబీ) కోతలప్పుడు అకాల వాన భయం. పడమట మబ్బు పట్టిందంటే ఊళ్లో ప్రతి కళ్లానికీ ఒకేసారి మనుషులు కావాలి.

అందుకే నేనూ మా బావా కలిసి, ఒక కళ్లం నుంచి ఇంకో కళ్లానికి లాక్కెళ్లగలిగే, ఎత్తు మార్చుకోగలిగే కన్వేయర్ తయారుచేయాలనుకున్నాం. మొదటి రోజే గొడవ పడ్డాం. ఆయన స్క్రూ కన్వేయర్ అన్నాడు, అంటే గొట్టంలో మెలి తిరిగిన రెక్క తిరుగుతూ ధాన్యాన్ని పైకి నెట్టేది. నేను బెల్టు అన్నాను. రెండూ చేసి, రెండింటితోనూ పంటలు ఎత్తిన తర్వాత రాస్తున్నాను.

ముందు టేపు పట్టుకుని లారీ దగ్గరికి వెళ్లాలి. అక్కడి నుంచే మొత్తం డిజైన్ పుడుతుంది. మేం కొలిచిన లారీకి పక్క తలుపుల పై అంచు నేల నుంచి మూడు మీటర్లకు కాస్త తక్కువగా ఉంది. ధాన్యం అంచు దాటి మధ్యలో పడి కుప్పగా పెరగాలంటే బెల్టు చివర మూడున్నర మీటర్ల ఎత్తుకు చేరాలి. కింద ధాన్యం అందుకునే చోటు నేలకు ఒక అడుగు ఎత్తులో ఉంటుంది. అంటే నికరంగా 3.2 మీటర్లు ఎత్తాలి.

ఇప్పుడు వాలు సంగతి. నున్నటి బెల్టు మీద ధాన్యం 17 డిగ్రీలు దాటితే వెనక్కి జారడం మొదలుపెడుతుంది. ఆ వాలులో 3.2 మీటర్లు ఎత్తాలంటే దాదాపు 11 మీటర్ల పొడవు కావాలి. మా పుంతల్లో, కాలవ మీద ఇరుకు వంతెన దగ్గర ట్రాక్టర్ వెనక 11 మీటర్ల ఇనుప చట్రాన్ని మలుపు తిప్పడం జరిగే పని కాదు. వీ ఆకారంలో గట్లు పోసిన షెవ్రాన్ బెల్టు అయితే 28 డిగ్రీల వాలులో కూడా ధాన్యాన్ని జారనివ్వదు. అప్పుడు 6.8 మీటర్లు చాలు. స్క్రూ అయితే 45 డిగ్రీల్లో నిలబెట్టినా లాగుతుంది, నాలుగున్నర మీటర్ల గొట్టంతో పని అయిపోతుంది. మా బావ స్క్రూ అనడానికి ఇదే పెద్ద కారణం. అందులో ఆయన మాట నిజమే. లాక్కెళ్లడానికీ, పాకలో పెట్టుకోవడానికీ స్క్రూను మించింది లేదు. గొట్టం లోపల నడుస్తుంది కాబట్టి గాలికి తాలు రేగదు, చినుకులు పడుతున్నా లోపలి ధాన్యం తడవదు.

అయినా నేను స్క్రూ వద్దంటాను. మొదటి కారణం గడ్డి. కోత మిషన్ నుంచి వచ్చిన ధాన్యంలో గడ్డిపరకలు, పచ్చి ఆకులు ఉంటాయి. అవి ఇరుసుకు చుట్టుకుంటాయి. బాగా ఆరి, తూర్పారబట్టిన ధాన్యానికి ఇబ్బంది లేదు. మబ్బు పట్టినప్పుడు మాత్రం మనం తూర్పారబడుతూ కూర్చోం, ఉన్నది ఉన్నట్టు ఎత్తేస్తాం. సరిగ్గా ఆ తొందరలోనే స్క్రూ బిగుసుకుంటుంది. గొట్టం విప్పి గడ్డి లాగేసరికి వాన వచ్చేస్తుంది.

రెండోది నూక. స్క్రూను నిండుగా, నెమ్మదిగా తిప్పితే గింజకు పెద్దగా దెబ్బ తగలదు. సగం ఖాళీగా వేగంగా తిప్పినప్పుడే గింజలు రెక్కకూ గొట్టానికీ మధ్య నలిగి లోపల బీట తీస్తాయి. ఆ బీట పొట్టు కింద మనకు కనపడదు, మిల్లులో నూకగా బయటపడుతుంది. పారతో పోసే మనుషులు అలసిపోయాక స్క్రూ సగం ఖాళీగానే తిరుగుతుందని మరిచిపోకూడదు.

మూడోది విత్తనం కట్టే రైతులకు. గొట్టం అడుగున, రెక్క అందని సందులో ఎప్పుడూ గుప్పెడో రెండు గుప్పెళ్లో గింజలు మిగులుతాయి. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 7029 స్వర్ణ రకం వరి ఎత్తిన గొట్టంతోనే 1121 రకం విత్తనం ఎత్తితే కల్తీ కలిసినట్టే. బెల్టు గట్ల సందుల్లోనూ గింజలు ఉండిపోతాయి కానీ, అవి కళ్ల ఎదుట ఉంటాయి. ఖాళీగా తిప్పుతూ చీపురుతో ఊడిస్తే పోతాయి.

బెల్టుకు గిన్నెలు బిగించి ధాన్యం పైకి తోడే బకెట్ ఎలివేటర్ మాటేమిటని అడిగేవాళ్లుంటారు. నిలువునా ఎత్తడానికి, మిల్లులో ఒకచోట గొయ్యి తవ్వి స్థిరంగా పెట్టుకోవడానికి అది చాలా బాగుంటుంది. కళ్లాల వెంట తిప్పడానికి పనికిరాదు.

షెవ్రాన్ బెల్టుకూ లోపాలున్నాయి. గట్లు ఉన్న ముఖాన్ని గీకి శుభ్రం చేసే స్క్రాపర్ పెట్టలేం. తిరుగు దారిలో ఆ గట్లు కింది రోలర్ల మీద ఎగిరెగిరి పడి చట్రమంతా అదురుతుంది, నట్లు వదులవుతాయి. కింద మామూలు రోలర్లకు బదులు రబ్బరు బిళ్లలు గుచ్చిన రోలర్లు వేస్తే అదురు చాలా తగ్గింది. స్ప్రింగ్ వాషర్లు లేకుండా ఒక్క నట్టు కూడా బిగించవద్దు. గట్టు ఎత్తు 15 మిల్లీమీటర్లుంటే ధాన్యానికి సరిపోతుంది. ఇంకా ఎత్తు గట్లకు డబ్బు పెట్టనక్కరలేదు.

బెల్టు ఎంత వెడల్పు ఉండాలి? ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. ఘనమీటరు ధాన్యం 550 నుంచి 600 కిలోలు తూగుతుంది. 500 మిల్లీమీటర్ల బెల్టును పక్కలు కాస్త పైకి వంచి సెకనుకు ఒక మీటరు వేగంతో నడిపితే, కాగితం మీద గంటకు 35 టన్నుల పైన వస్తుంది. వాలు వల్ల తగ్గేది తీసేసినా 20 టన్నులు ఎక్కడికీ పోవు. మరి మా కళ్లంలో నలుగురు పారలతో పోస్తే ఎంత వెళ్లింది? గంటకు పది టన్నులు కూడా వెళ్లలేదు. బెల్టు సగం ఖాళీగా తిరిగింది. ధాన్యం పైకెక్కడంలో ఆలస్యం లేదు, బెల్టు మీదకు రావడంలోనే ఆలస్యమంతా. కాబట్టి వెడల్పు పెంచడానికి పెట్టే డబ్బు కింది మూతికి పెట్టండి. అక్కడ ధాన్యం పోసే తొట్టిని హాపర్ అంటారు. దాని అంచు మోకాలి ఎత్తు దాటకూడదు. పారతో ఎత్తి పోయడం కాకుండా, ఫలకతో నెడితే అందులో పడేలా ముందు వైపు రేకు నేలకు ఆనించాలి. మేం చివరికి హాపర్ ముందు రెండు వైపులా మూరెడు పొడవు స్క్రూ ముక్కలు అమర్చాం. అవి నేల మీదుగా ధాన్యాన్ని మధ్యలోకి లాగి బెల్టుకు అందిస్తాయి. గడ్డి చుట్టుకున్నా పైన తెరిచే ఉంటుంది కాబట్టి మిషన్ ఆపి కొడవలితో కోసేయవచ్చు. మా బావ స్క్రూకు అలా మా మిషన్‌లో సరైన చోటు దొరికింది. ఆ స్క్రూల మీద చెయ్యి, చీరకొంగు, తలపాగా దూరని ఇనుప జాలీ తప్పనిసరిగా ఉండాలి. జాలీ తీసి మిషన్ నడపనివ్వకండి.

ఎత్తు మార్చడానికి మూడు దారులున్నాయి. చిల్లులున్న కాళ్లు, చీలలు అన్నిటికంటే చవక. కానీ ట్రక్కుకు ఒక ఎత్తు, లారీకి ఒక ఎత్తు పెట్టాలంటే ప్రతిసారీ నలుగురు చట్రాన్ని భుజాల మీద మోయాలి. చెయ్యి జారితే ప్రాణం మీదికి వస్తుంది. హైడ్రాలిక్ జాకీతో పని తేలిక. అయితే సీలు పోతే చట్రం దిగిపోతుంది, బాగుచేయించడానికి టౌనుకు పోవాలి, నూనె చుక్కలు ధాన్యంలో పడతాయి. ఏడు మీటర్ల మిషన్‌కు మా ఓటు చేతితో తిప్పే వించ్‌కే. వైరు తాడు చుట్టుకుంటూ ఒక్కడే ఎత్తగలడు. పది మీటర్లు దాటిన మిషన్ అయితే మాత్రం హైడ్రాలిక్ తప్పదు. దేనితో ఎత్తినా, ఎత్తాక చీల గుచ్చాల్సిందే. బరువు చీల మీద నిలవాలి, తాడు మీదా నూనె మీదా కాదు. సముద్రం దగ్గరి కోనసీమ ఊళ్లలో ఉప్పు గాలికి వైరు తాడు లోపలి పోగులు ముందు తుప్పు పడతాయి. పైకి బాగానే కనిపిస్తుంది. ప్రతి పంటకు ముందు వంచి చూడండి, ఒక్క పోగు తెగి ఉన్నా మార్చేయండి.

శక్తి ఎంత కావాలో లెక్కవేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. గంటకు 20 టన్నుల ధాన్యాన్ని మూడున్నర మీటర్లు ఎత్తడానికి నికరంగా కావలసింది 0.2 కిలోవాట్ కంటే తక్కువ. రోలర్లు, హాపర్ రాపిడి, మొదట కదిలించే బరువు కలుపుకున్నా బెల్టుకు 2 హెచ్‌పీ మోటారు చాలు. కింది స్క్రూలతో కలిపి 3 హెచ్‌పీ పెట్టుకుంటే నిశ్చింత. అంతా స్క్రూనే అయితే గొట్టంలో రాపిడికే శక్తి పోతుంది, మోటారు ఇంకా పెద్దది కావాలి.

అయితే కరెంటు ఎక్కడిది? మెట్ట ప్రాంతంలో బోరు దగ్గర త్రీఫేజ్ ఉంటుంది. మనది కాలవ నీళ్ల వ్యవసాయం, చాలా కళ్లాల దగ్గర కరెంటు స్తంభమే ఉండదు. ఇంటి సింగిల్ ఫేజ్ దూరం నుంచి లాగితే వోల్టేజీ పడిపోయి, బరువుతో ఉన్న బెల్టు కదలక మోటారు వేడెక్కుతుంది. కాలవ చివరి చేలకు నీళ్లు తోడే చిన్న డీజిల్ ఇంజిన్ చాలామంది ఇళ్లలో ఉంటుంది. మేం దాన్నే వాడాం. ఒక జాగ్రత్త ఉంది. ఇంజిన్‌ను వాలే చట్రానికి బిగించకూడదు. చట్రంతో పాటు అది 28 డిగ్రీలు వంగితే నూనె ఒక పక్కకు చేరి ఇంజిన్ పట్టేస్తుంది. చక్రాల ఇరుసు మీద ఉండే కింది చట్రానికి బిగించి, అక్కడి నుంచి వీ బెల్టుతో డ్రైవ్ ఇవ్వాలి. పొగ గొట్టం గడ్డి వైపూ బరకాల వైపూ ఉండకూడదు.

ఇంజిన్ ఆగినా, కరెంటు పోయినా నిండుగా ఉన్న బెల్టు వెనక్కి తిరిగి ధాన్యమంతా హాపర్ దగ్గర కుమ్మరిస్తుంది. వెనక్కి తిరగనివ్వని పంటి చక్రం ఒకటి పై డ్రమ్ము ఇరుసుకు వేయించండి. గేర్‌బాక్సే ఆపుతుందిలే అనుకోవద్దు.

మా మొదటి మిషన్ పాడైంది వీటిలో దేనివల్లా కాదు, నేల వల్ల. సన్నటి ఇనుప చక్రాలు వేశాం. మా రేగడి నేల పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నానికి కుడి చక్రం నాలుగు వేళ్ల లోతు దిగింది. చట్రం ఒక పక్కకు ఒరగగానే బెల్టు మధ్య నుంచి పక్కకు నడిచింది. గమనించేలోపు అంచు చట్రపు ఇనుప ఛానెల్‌కు రాసుకుని జానెడు చిరిగిపోయింది. కొత్త బెల్టు అది. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాత పాత కారు టైర్లు వేశాం, రెండు చక్రాల కిందా బల్లలు పరుస్తున్నాం, ఇరుసు మీద మట్టసం గొట్టం పెట్టి చూసుకోకుండా ఇంజిన్ తిప్పడం లేదు. బెల్టు పక్కకు నడుస్తుంటే వెంటనే బోల్టులు బిగించబోకండి, ముందు చక్రాల వైపు చూడండి.

"ఇసకెక్కించడానికీ పనికొస్తుందాండీ?" అని అడగని వాళ్లు లేరు. ఇసుక ఘనమీటరుకు 1500 కిలోల పైనే ఉంటుంది. అదే బెల్టు మీద అదే మందంలో పోస్తే మీటరు పొడవుకు ధాన్యం పది కిలోలుంటే, ఇసుక 25 కిలోలు దాటుతుంది. పై కొస అంతగా బరువెక్కితే తోక లేచి మిషన్ ముందుకు పడే ప్రమాదం ఉంది. పైగా తడి ఇసుక గట్ల సందుల్లో అతుక్కుని రోలర్ బేరింగుల్లో రాలుతుంది. స్క్రూకైతే ఇసుక మరీ చేటు, రెక్కల అంచులు అరిగి కత్తిలా పలచబడతాయి. ఇసుక పని కావాలంటే నున్నటి బెల్టు, స్క్రాపర్, బరువైన ఛానెల్‌తో వేరే మిషన్ కట్టించుకోండి. ఇసుక మోసిన బెల్టు మీద ధాన్యం పోస్తే మిల్లు వాళ్లకు రాళ్లు పంపినట్టే.

బస్తాలు మోసే జట్టు వాళ్ల పని పోతుందని మా ఊళ్లో పెద్ద చర్చే జరిగింది. జట్టు మేస్త్రితో ముందే కూర్చుని మాట్లాడాం. మిషన్ వాళ్లే నడుపుతారు, టన్నుకు ఇంత అని కూలి వాళ్లకే. బస్తా అంటే 75 కిలోలని మనం లెక్క చెబుతాం. ఒక మగవాడు చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. బల్ల మీదుగా లారీ ఎక్కుతూ వాళ్లు దశాబ్దాలుగా అంతకంటే ఎక్కువే మోశారు. జట్టులో పెద్దాయన మోకాళ్లు పట్టుకుని కళ్లం గట్టు మీద కూర్చునేవాడు. ఇప్పుడు ఆయన వించ్ దగ్గర ఉంటున్నాడు.

ఆయనకు అప్పజెప్పిన ఇంకో పని ఉంది. కళ్లాల మీదుగా పోయే కరెంటు తీగలు మన వైపు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. ఎత్తిన ఇనుప చట్రాన్ని పక్కకు జరుపుతూ పైకి చూడకపోతే పట్టుకున్న వాళ్లందరికీ ముప్పు. అందుకని మిషన్ అడుగు జరగాలన్నా ముందు పూర్తిగా దించాల్సిందే. చీల తీసి, దించి, ఆయన చెయ్యి ఊపాకే మిగతావాళ్లు చట్రం ముట్టుకుంటారు.