నాన్నగారి వెబ్లీ అండ్ స్కాట్ డబుల్ బ్యారెల్: చాలాకాలం వాడాక నా మాట

నాన్నగారి తర్వాత లైసెన్సు నా పేరు మీదకు మారింది. అప్పటి నుంచి ఈ తుపాకీ నా సంరక్షణలోనే ఉంది. వెబ్లీ అండ్ స్కాట్, పన్నెండు బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు, ఎజెక్టర్ (కాల్చిన తూటా తొడుగును బయటికి విసిరే ఏర్పాటు) లేని సాదా రకం. బర్మింగ్‌హామ్ తయారీ. ఆ కంపెనీ 1979లోనే తుపాకుల తయారీ ఆపేసింది. ఈ పాత ఇంగ్లీషు రకంలో ఇప్పుడు దొరికేవన్నీ ఒక లైసెన్సుదారు నుంచి ఇంకొకరికి చేతులు మారేవే. మా పర్లాకిమిడి చుట్టుపక్కల అలా ఒకటి తీసుకుందామని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. తుపాకీ చాలా మంచిది. తూటా దగ్గర మాత్రం అది కోరిందే ఇవ్వాలి.

లోపలి పనితనం బాక్స్‌లాక్. ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు తీసుకున్న పద్ధతి. గొట్టాలు కిందికి వంచితే ఆ బలంతోనే లోపలి హ్యామర్లు వెనక్కి లేచి కూర్చుంటాయి. భాగాలు తక్కువ, చెడేది తక్కువ. ముందు ట్రిగ్గరు కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. ఎడమ గొట్టం మూతి కాస్త బిగువు, అందుకే గుళ్లు దూరం వరకూ చెదరకుండా వెళ్తాయి. షూటింగ్ రేంజిలో పెద్ద కాగితం కట్టి కాల్చి చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. భుజానికి ఎత్తగానే చూపు రిబ్ (రెండు గొట్టాలను కలిపే పట్టీ) మీదకు దానంతట అదే వచ్చి ఆగుతుంది. ఈ బ్యాలెన్సు కోసమే పాత ఇంగ్లీషు తుపాకులంటే మాకింత ప్రాణం.

ఇక అసలు సంగతి. గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్రలుంటాయి, అంటే తుపాకీ ఎంత ఒత్తిడికి ఆగుతుందో పరీక్షించి కొట్టిన గుర్తులు. నా దాని మీద రెండున్నర అంగుళాలు అని, చదరపు అంగుళానికి మూడు టన్నులు అని కొట్టి ఉంది. అంటే చాంబరు (గొట్టంలో తూటా కూర్చునే చోటు) 65 మి.మీ. తూటాకి చేసింది. బజారులో సులువుగా దొరికేది 70 మి.మీ. తూటా. మా ఆదివారం బైఠక్‌లో ఎక్కువసార్లు నలిగిన విషయం ఇదే. పాతపట్నం నుంచి వచ్చే మాస్టారు ఒకసారి అడిగారు: "తూటా హాయిగా లోపలికి దిగిపోయింది కదండీ, ఇంకేటి భయం?"

గుణుపురం బావగారు కాల్చిన 70 మి.మీ. తూటా తొడుగు ఒకటి, కాల్చనిది ఒకటి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టారు. కాల్చనిది పొట్టిగా ఉంది, ఎందుకంటే మూతి మడిచి ఉంటుంది. "70 అన్నది మడత విప్పుకున్నాక కొలత మాస్టారూ. మడత విప్పుకునే చోటు మీ చాంబరులో లేదు. అది సన్నబడే గొట్టంలోకి పోయి దారికి అడ్డం పడుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది." మాస్టారు ఆ రెండింటినీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తూటా పట్టిందంటే సరిపోయిందని కాదు. చాంబరు తొలిపించేద్దాం అనే సలహా ఎవరిచ్చినా వినకండి. లోహం పల్చబడుతుంది, పాత ప్రూఫ్ ముద్రకి విలువ ఉండదు.

బావగారి ఇంట్లో ఇంకా పాతది, బయటికి హ్యామర్లున్న డమాస్కస్ గొట్టాల తుపాకీ ఉంది. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టి అతికిన గొట్టం, నీటి మీద అలల్లాంటి గీతలు. దానికి పాతకాలపు నల్ల తుపాకీమందు ప్రూఫ్ మాత్రమే ఉంది కాబట్టి ఆయన కాల్చరు, మేమూ అడగం. కానీ గొట్టాలు విడదీసి, దారంతో వేలాడదీసి, వేలిగోటితో కొడితే ఖంగున మోగుతుంది. బొంగురుగా మోగితే రిబ్ అతుకు ఎక్కడో వదిలినట్టు. ఏ పాత తుపాకీ కొనేముందైనా ఈ పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేదు.

మహేంద్రతనయ నది పక్కన వానాకాలం తేమ సంగతి తెలిసిందే. తోలు పెట్టెలో దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. నూనె పలచగా రాసి, మూతి కిందికి ఉండేలా నిలబెడతాను. లేకపోతే నూనె కారి కర్రలోకి ఇంకి, కర్ర మెత్తబడుతుంది. కర్రకి అవిసె నూనె చాలు. ఎన్నికలొచ్చి తుపాకీ డిపాజిట్ చేసినప్పుడే నాకు టెన్షన్. 2024లో వెనక్కి తెచ్చుకునేసరికి ఎడమ గొట్టం మీద ఎర్రగా తుప్పు పట్టింది. ఇప్పుడు ఇచ్చేముందు మందంగా గ్రీజు పూసి ఇస్తున్నాను.

బట్ (భుజానికి ఆనే కర్ర) అడుగు పలక పగిలినప్పుడు మాత్రం మా ఊరే ఆదుకుంది. కొమ్ము పనికి పర్లాకిమిడికి పేరుంది కదా. తుపాకీ ఇంట్లోనే ఉంచి, పగిలిన పలక, కాగితం మీద గీసిన కొలతలు పట్టుకెళ్లాను. గేదెకొమ్ముతో చేసి, మెరుగు పెట్టి, స్క్రూ కన్నాలు సరిగ్గా పాతవాటి చోటే వేసిచ్చారు. ఇంగ్లండు పలక కంటే ఇదే నాకు నచ్చింది.

2019 చట్ట సవరణతో ఒకరి దగ్గర రెండుకి మించి తుపాకులు ఉండకూడదు. అందుకే మూడున్నవాళ్లు ఒకటి వదులుకున్నారు. వాటిలో మంచివి దొరికే అవకాశం ఉంది. చూసేటప్పుడు గొట్టాలు బిగించి, వాటి కింద ఉండే ముందరి కర్ర తీసేసి, పట్టుకుని ఊపి చూడండి. కీలు దగ్గర కదిలితే వదిలేయండి. 65 మి.మీ. తూటాలు తెచ్చిపెట్టే డీలరు మీకు అందుబాటులో లేకపోతే, వెబ్లీ జోలికి పోకుండా 70 మి.మీ. చాంబరున్న ఇషాపూర్ (మన ప్రభుత్వ ఫ్యాక్టరీ) తుపాకీ తీసుకోండి.