డాలెక్‌కు ఏ పెయింట్ మేలు: 1963 వెండి-నీలమా, 2005 కంచా?

డాలెక్ అంటే బీబీసీ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'లో కనబడే యంత్ర కవచపు శత్రువు. ఏళ్లను బట్టి సీరియల్‌లో దాని రంగులు మారాయి. దాని నిండు సైజు నమూనా కట్టేవాళ్లంతా సగం పని అయ్యాక వచ్చి అడిగే ప్రశ్న ఇదే. స్కర్టు, అంటే కింది భాగం, నిలబడింది, భుజాల భాగం కూర్చుంది, 56 అర్ధగోళాలు పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు 1963 నాటి వెండి-నీలం కొట్టాలా, 2005 నాటి కంచు రంగు కొట్టాలా? మహబూబ్‌నగర్‌లో అడిగినా నల్లగొండలో అడిగినా పెయింటింగ్ షెడ్డు మేస్త్రీ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది: "అన్నా, కార్ల సిల్వర్ మెటాలిక్ కొట్టి పైన క్లియర్ వేద్దాం, అద్దంలెక్క మెరుస్తది." మేస్త్రీ చేతి పని మంచిదే. కానీ ఆ పద్ధతిలో మాత్రం 1963 డాలెక్ రాదు.

రంగు కన్నా ముందు తేల్చుకోవలసింది మెరుపు. చాలామంది షేడ్ కోడ్ కోసం వారాల తరబడి వెతుకుతారు, ఫొటోల మీద ఫొటోలు పోలుస్తారు. షేడ్ కొంచెం అటూ ఇటూ అయినా చూసేవాళ్లు పట్టరు. మెరుపు తప్పితే మాత్రం గది అవతలి నుంచే తెలిసిపోతుంది. మెరుపులో రెండు సంగతులున్నాయి: రంగులోని అల్యూమినియం గింజ ఎంత సన్నది, దాని మీద ఎంత నిగనిగలాడే పొర ఉంది. కార్ల మెటాలిక్‌లో గింజ మోటుగా ఉంటుంది, ఎండలో ఒక్కొక్కటీ మిణుకుమంటుంది. పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పొర, లోతు చూపిస్తుంది. రంగు ఉండే బేస్ కోటు, దాని మీద క్లియర్ కోటు అనే ఈ పద్ధతి కార్ల మీద విరివిగా వచ్చింది 1980లలో. 1963లో బీబీసీ డిజైనర్ రేమండ్ క్యూసిక్ డిజైన్ మీద షాక్రాఫ్ట్ అనే వర్క్‌షాపు వాళ్లు చెక్క, ఫైబర్‌గ్లాస్‌తో కట్టిన డాలెక్‌ల మీద ఆ తడి నిగనిగ పెడితే, బొమ్మ మొత్తం కొలతలు సరిపోయినా కాలం సరిపోదు. అందుకే గింజ అతి సన్నగా, పై పొర శాటిన్‌గా, అంటే అద్దంలా కాక సగం మెరుపుతో, ఉండాలి. వెండి రంగుకు ఇదొక్కటే గట్టి షరతు.

ఇంకో సంగతి. 1963 డిసెంబర్‌లో అవి మొదట తెర మీదికి వచ్చినప్పుడు జనం చూసింది నలుపు-తెలుపులో. టీవీలో డాలెక్‌లు రంగుల్లో కనబడింది 1972లో. కాబట్టి వెండి బాడీ, లేత నీలం గోళాలు ఆనాటి ప్రేక్షకుడి కంటికి రెండు బూడిద ఛాయలు మాత్రమే. దీన్ని పరీక్షకు వాడుకోవచ్చు. ఒక చిన్న పలక మీద వెండి కొట్టి, దాని మీద నీలం కొట్టిన ఒక గోళం పెట్టి, ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీయాలి. గోళం పలకలో కలిసిపోతే నీలం మరీ లేతదన్న మాట. నల్లటి చుక్కలా కనిపిస్తే మరీ ముదిరింది. రెండింటి మధ్య తేడా తెలిసీ తెలియనట్టు ఉన్న చోట ఆగాలి. ఈ ఒక్క ఫొటో పది షేడ్ కార్డుల పని చేస్తుంది.

వెండి కొట్టడానికి మన దగ్గర మూడు దారులున్నాయి.

మొదటిది గేట్లకు, షట్టర్లకు, నీళ్ల పైపులకు కొట్టే సిల్వర్ పెయింట్. పేస్టు ఒక డబ్బాలో, వార్నిష్ ఒక డబ్బాలో వస్తుంది, కొట్టే ముందు కలుపుకోవాలి. ఇందులో అల్యూమినియం రేకులు పైకి తేలి పక్కపక్కన పరుచుకుంటాయి. అందుకే గింజ కనబడదు, ఒకటే రేకు తాపినట్టు ఉంటుంది. చూపుకు పాత వెండికి మూడింటిలో దగ్గర ఇదే. కానీ తేలిన రేకు చేతికి అంటుతుంది. పిల్లలు ముట్టుకుంటే వేళ్లు వెండి అవుతాయి, బొమ్మ మీద నల్ల మరకలు పడతాయి. పైన క్లియర్ వేద్దామంటే మెరుపు చచ్చి సీసం రంగుకు దిగుతుంది, క్లియర్ కూడా గట్టిగా పట్టదు. మాస్కింగ్ టేపు అతికించి లాగితే రంగు టేపుతో పాటు వస్తుంది. కదలకుండా గాజు వెనక నిలబెట్టే బొమ్మకైతే సరే, కాలేజీ ఫెస్ట్‌కు ఆటో ట్రాలీలో ఎక్కించి దించే బొమ్మకు పనికిరాదు.

రెండోది ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్, షెడ్డుల్లో డ్యూకో అనేది. పావుగంటలో ముట్టుకునేంత ఆరుతుంది, కాబట్టి దుమ్ము కూర్చునే వ్యవధి తక్కువ. గీత పడితే దాని మీదే మళ్లీ కొట్టవచ్చు, కొత్త పొర పాత పొరను కరిగించుకుని కలిసిపోతుంది. ఇబ్బందల్లా పొర పలచన కావడం, ఆరేడు పొరలు పడితే గానీ నిండదు. పైగా జూలై, ఆగస్టు తేమలో తెల్లబారుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద కూర్చుంటుంది. వానకాలం తప్పనిసరైతే ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలపాలి, లేదా పొద్దెక్కి ఎండ కాసిన రోజు చూసుకోవాలి.

మూడోది పీయూ (పాలీయురేథేన్) బేస్ కోటు మీద మ్యాట్, అంటే మెరుపు లేని, క్లియర్. నా ఓటు దీనికే. కలర్ మిక్సింగ్ షాపులో "సిల్వర్" అని మాత్రమే అడిగితే మోటు గింజ చేతిలో పెడతారు. ఫైన్ సిల్వర్ కావాలని, కార్డు మీద కొట్టి చూపించమని అడగాలి. ఆ కార్డు ఎండలో పట్టి చూస్తే మిణుకులు విడివిడిగా కనబడకూడదు. నిండు సైజు డాలెక్ ఉపరితలం, గోళాలు కలుపుకుని, సుమారు 5 చదరపు మీటర్లు. బేస్ ఒక లీటరు ఒకేసారి కలిపించుకోవాలి. రెండోసారి కలిపించింది మొదటిదానితో కలవదు, స్కర్టులో ఒక పలక వేరేగా కనబడుతుంది.

క్లియర్ విషయంలో పూర్తి మ్యాట్ వేస్తే సున్నం కొట్టినట్టు చచ్చుగా ఉంటుంది. ఒకే కంపెనీ మ్యాట్ క్లియర్, నిగనిగలాడే గ్లాసీ క్లియర్ సమపాళ్లలో కలిపి, హార్డ్‌నర్ డబ్బా మీద రాసిన కొలత ప్రకారం వేసి, ముందు అట్ట మీద కొట్టి ఆరాక చూడాలి. ట్యూబ్‌లైటును పలకలో చూస్తే గీతలా కాకుండా మసక పట్టీలా కనబడాలి. మ్యాట్ పొడి అడుగున దిగుతుంది కాబట్టి స్ప్రే గన్‌లో పోసే ప్రతిసారీ కలియబెట్టాలి. పొర మందంగా పడ్డచోట మెరుపు ఎక్కువ, పలచగా పడ్డచోట తక్కువ వస్తుంది. మ్యాట్‌ను రుద్ది పాలిష్ చేయడానికి వీల్లేదు. ఈగ వాలినా దుమ్ము పడినా ఆ పలక మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. పీయూ హార్డ్‌నర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది. ముక్కుకు రుమాలు కట్టుకోవడం దేనికీ పనికిరాదు, బయటి నుంచి శుభ్రమైన గాలిని పైపులో అందించే మాస్కు ఉంటేనే గన్ పట్టాలి. అది లేకపోతే ఎన్‌సీతో సరిపెట్టుకోవడం మంచిది. అప్పుడు కూడా ఫ్యాను గాలి, కార్బన్ కార్ట్‌రిడ్జ్ మాస్కు ఉండాల్సిందే.

వెండికి గన్ చేయి కూడా ముఖ్యం. 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, పలకకు జానెడు దూరం, ఒక వరస సగం మీద ఇంకో వరస పడేటట్టు రెండు పొరలు. మూడో పొర మాత్రం మూరెడు దూరం నుంచి, ఒత్తిడి తగ్గించి, పొగమంచులా చల్లాలి. ఈ చివరి పొరే గింజను సమంగా పడుకోబెడుతుంది. ఇది లేకపోతే మబ్బులు మబ్బులుగా చారలు కనబడతాయి. స్కర్టును నిలబెట్టే కొట్టాలి. పలకలు విడదీసి నేల మీద పరిచి కొడితే గింజ వాలు మారి, బిగించాక పక్కపక్క పలకలు రెండు రంగులుగా ఉంటాయి.

ఇక 2005 కంచు. దీని గొప్ప గుణం క్షమించడం. లప్పం కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా, అతుకు కనబడుతున్నా కంచు కప్పేస్తుంది. అదే లోపం వెండి మీద గోరంతలు కొండంతలుగా కనబడుతుంది. మొదటిసారి కట్టేవాళ్లకు కంచు మేలని నేను కూడా చెబుతాను. ముందు నల్ల బేస్ కొట్టాలి, అడుగు నలుపే కంచుకు లోతు ఇస్తుంది. దాని మీద సన్న గింజ కంచు మెటాలిక్ రెండు పొరలు, గోళాలకు బంగారు ఛాయ, ఆ పైన శాటిన్ క్లియర్. క్లియర్ రెండు మూడు రోజులు గట్టిపడ్డాక, ముదురు గోధుమ, నలుపు ఆయిల్ కలర్లు టర్పెంటైన్‌లో నీళ్లలా పలచన చేసి రివెట్ల చుట్టూ, అతుకుల్లో పూసి గుడ్డతో తుడవాలి. సందుల్లో మిగిలిన నలుపు బరువు తెస్తుంది. తుడిచే దిశ పై నుంచి కిందికి ఉండాలి, అడ్డంగా తుడిస్తే మురికి గుడ్డ మరకలా తేలుతుంది.

కంచులో ఒక్కటి మాత్రం చేయవద్దు. విగ్రహాలకు, పటాల ఫ్రేములకు వాడే గోల్డ్ పౌడర్‌ను వార్నిష్‌లోనో ఎన్‌సీలోనో కలిపి కొట్టవద్దు. అది రాగి-జింకు పొడి. డబ్బాలోనే గడ్డకట్టవచ్చు. కొట్టాక నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది, పచ్చబారుతుంది. కార్ల కంచు షేడ్లలో మెరుపు అల్యూమినియం, మైకాల నుంచి వస్తుంది కాబట్టి ఆ బాధ లేదు.

1970ల బూడిద-నలుపు కావాలంటే మామూలు సాలిడ్ గ్రే, శాటిన్, నల్ల గోళాలు. పెద్దగా చెప్పేదేమీ లేదు, ఖర్చు తక్కువ, తప్పు పోయేది కూడా తక్కువ. 1988 తెలుపు-బంగారం బాగుంటుంది గానీ మన ఎర్రమట్టి దుమ్ములో తెలుపు రెండు రోజులు నిలవదు. 2010 ఎరుపు, పసుపు, నీలం రకాలకు మాత్రం మేస్త్రీ అద్దం మెరుపే సరి.

ఏ రంగైనా ఆధారం అడుగు పని. ఫైబర్ అచ్చు నుంచి తీసిన ముక్క మీద మైనం ఉంటుంది. దాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, స్కాచ్‌బ్రైట్‌తో రుద్దకపోతే రంగు పొర చేపకళ్లలా విచ్చుకుంటుంది. ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన బోర్డు) అంచులు రంగును పీల్చేస్తాయి, ముందు సీలర్ రెండుసార్లు పట్టించాలి. కార్ల లప్పానికి హార్డ్‌నర్ నూటికి 2 వంతులు చాలు. ఎక్కువైతే పైన కొట్టిన రంగులోంచి పసుపు మరకగా తేలుతుంది. ఎండాకాలం నాలుగైదు నిమిషాల్లోనే బిగుస్తుంది కాబట్టి పిడికెడు పిడికెడు కలుపుకోవాలి. రుద్దడం 120 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 240, 400 దాటి, వెండికైతే 800 దాకా పోవాలి. 240 గీతలు ప్రైమర్ కింద దాగుతాయి, వెండి కింద దాగవు.

నల్లగొండ జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వాటర్ పేపర్ పట్టేటప్పుడు బోరు నీళ్లు వాడినా, చివరి కడుగుడు మాత్రం ఫిల్టర్ నీళ్లతోనే కావాలి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీరు ఆరిపోయినా ఉప్పు ప్రైమర్ మీద మిగులుతుంది. వానకాలం తేమను ఆ ఉప్పు రంగు పొరలోంచి లోపలికి లాగుతుంది, సన్న సన్న బొబ్బలు లేస్తాయి. బొబ్బ లేచాక బాగు చేసే మార్గం లేదు, అడుగుదాకా రుద్దాల్సిందే. ఒక టిన్ను ఫిల్టర్ నీళ్లతో తప్పే నష్టం ఇది.

ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల మధ్యాహ్నం గన్ పట్టవద్దు. రంగు పలకను చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. పొద్దుగాల ఎనిమిది లోపు పని ముగించాలి, స్లో థిన్నర్ వాడాలి, కొట్టే ముందు నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి. కంప్రెసర్ ట్యాంకు అడుగు నీళ్లు వదలకపోతే ఆ చుక్క సరిగ్గా డోమ్ (గుండ్రటి తల) మీదే పడుతుంది.

గోళాలను బాడీకి బిగించి టేపు వేసి కొట్టే పద్ధతి వద్దు. బాడీ రంధ్రాలతోనే కొట్టి, గోళాలను బోల్టులతో ప్లైవుడ్ పలక మీద వరసగా నిలిపి, 56కు బదులు 60 ఒకే విడతలో కొట్టాలి. ప్లాస్టిక్ గోళాలైతే ప్లాస్టిక్ ప్రైమర్ తప్పదు, పాలీప్రొపిలీన్‌కు మరీనూ. మిగిలిన నాలుగు గోళాలు దాచిపెట్టుకోవాలి, ప్రయాణంలో ముందు దెబ్బ తినేవి గోళాలే.

బాడీకి దెబ్బ తగిలినప్పుడు రెండు రంగుల తేడా బయటపడుతుంది. కంచు గీతను సన్న కుంచెతో నింపి, వాష్, అంటే పలచన చేసిన ఆ ముదురు రంగు, కొంచెం పూస్తే కలిసిపోతుంది. వెండిని కుంచెతో దిద్దితే గింజ కుంచె పోయిన దారిన పడుకుని మచ్చలా ఉంటుంది. పలక అంచు నుంచి అంచుదాకా గన్‌తోనే కొట్టాలి. అందుకే వెండి ఎంచుకున్నవాళ్లు ఆ లీటరులో 150 మిల్లీలీటర్లు థిన్నర్ కలపకముందే గాజు సీసాలో నిండుగా పోసి, మూత బిగించి, తేదీ రాసి నీడలో పెట్టుకోవాలి.