ఫైబర్ నెట్ తీసుకునేవారికి హెచ్చరిక: ప్లాన్ స్పీడ్ కన్నా ముందు వాళ్లు బిగించే బాక్స్ చూడండి

హైదరాబాదులో కొత్తగా ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోబోతున్నవారు, ముఖ్యంగా ఏడాది డబ్బు ఒకేసారి కడితే బాక్స్ ఉచితం అన్న ఆఫర్ చూసి ముందుకు వెళుతున్నవారు, డబ్బు కట్టకముందే ఈ విషయం తెలుసుకోవడం మంచిది. నిజాంపేట్‌లోని మా అపార్ట్‌మెంటులో ఒక సంస్థ నుంచి 300 ఎంబీపీఎస్ కనెక్షన్ ఏడాది ప్లాన్ మీద తీసుకున్నాము. హాల్లో వైఫై మీద 40 దాటలేదు, చివరి పడకగదిలో 10 రావడం కూడా కష్టమయ్యేది, ల్యాప్‌టాప్‌కు నేరుగా వైరు పెట్టి చూసినా 94 దగ్గర ఆగిపోయేది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ చివరకు వచ్చిన సలహా ఒక్కటే: ప్లాన్ 500కు పెంచుకోండి. వాళ్లు ఉచితంగా ఇచ్చిన బాక్స్ గోడ మీద ఉన్నంతకాలం 500 కాదు, వెయ్యి ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా మా ఇంట్లో వేగం ఏమాత్రం పెరిగేది కాదు.

ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చి చేరే బాక్స్‌ను ఓఎన్‌టీ అంటారు. వాడుకలో మనం దాన్నే రౌటర్ అంటాము, కొందరు మోడెం అంటారు. తీగలో వచ్చే కాంతి సంకేతాన్ని అందుకునే పని, ఇల్లంతా వైఫై పంచే పని చాలా ఇళ్లలో ఈ ఒక్క బాక్సే చేస్తుంది. దాని అడుగున చిన్న స్టిక్కర్ ఒకటి ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్ కోసం తప్ప దాన్ని ఎవరూ చదవరు. మాకు బిగించిన బాక్స్ స్టిక్కర్ మీద వైఫై ఎదురుగా నిదానంగా నడిచే పాత రేడియో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ అని మాత్రమే ఉంది, వేగంగా నడిచే 5 గిగాహెర్ట్జ్ ఊసే లేదు. వైరు తగిలించే లాన్ పోర్టుల ఎదురుగా 10/100 అని ఉంది, దాని పక్కన ఉండవలసిన 1000 లేదు. మా ఇబ్బందికంతటికీ మూలం ఆ రెండు వరుసల ముద్రణలోనే ఉంది.

10/100 పోర్టు సెకనుకు 100 మెగాబిట్లకు మించి పంపలేదు. అందులోనూ ప్రతి ప్యాకెట్‌తో పాటు వెళ్లే చిరునామా వివరాలకు కొంత పోతుంది కాబట్టి స్పీడ్ టెస్టులో కనిపించేది 94, 95 మాత్రమే. మీ ఇంట్లో కూడా వైరు పెట్టి చూసినప్పుడు ఉదయమైనా రాత్రయినా 94 దగ్గరే మేకు కొట్టినట్టు నిలిచిపోతుంటే, లైన్‌ను అనుమానించే ముందు పోర్టును అనుమానించండి. ఒక్కోసారి పోర్టు మంచిదే అయినా లాన్ కేబుల్ వల్ల కూడా ఇదే జరుగుతుంది. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ వేగానికి కేబుల్ లోపలి ఎనిమిది తీగలూ పనిచేయాలి. క్లిప్ దగ్గర ఒక్కటి తెగినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. అందుకని కేబుల్ మార్చి చూసిన తర్వాతే బాక్స్ మీద నింద వేయాలి. మేము మార్చి చూశాము, అప్పుడూ 94 వచ్చింది.

వైఫై సంగతి ఇంతకన్నా అన్యాయం. బాక్స్‌కు జానెడు దూరంలో ఫోన్ పెట్టి, సెట్టింగులలో వైఫై వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్ అని చూపించింది. వైఫై 4 అనే పాత పద్ధతిలో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ మీద, ఒకే స్ట్రీమ్‌తో, అంటే ఒకే సంకేత ధారతో నడిచే పరికరానికి లభించే గరిష్ఠ లింక్ వేగం సరిగ్గా 72.2. అందులో మన డౌన్‌లోడ్‌కు దక్కేది సగమో, సగానికి కాస్త ఎక్కువో. అంటే మాకు 40 రావడం లోపం కాదు, ఆ బాక్స్ చేతనైనంత పని చక్కగా చేస్తోందన్నమాట. అదే చోట 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న వైఫై 5 బాక్స్ పెడితే, రెండు స్ట్రీములున్న ఫోన్‌కు 80 మెగాహెర్ట్జ్ ఛానల్ మీద లింక్ వేగం 866 దాకా వెళుతుంది. అందులో సగం దక్కినా 300 ప్లాన్ పూర్తిగా అందుతుంది.

దీనికి తోడు అపార్ట్‌మెంటు రద్దీ ఒకటి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానళ్లు 1, 6, 11 మూడే. మా హాల్లో నిలబడి ఫోన్‌లో చూస్తే ఇరుగుపొరుగు వైఫై పేర్లు కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉంటాయి, అవన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. బ్లూటూత్ అదే బ్యాండ్, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ అదే బ్యాండ్. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎంతో ఎక్కువ. పైగా 2018లో కేంద్రం ఆ బ్యాండ్‌లో 5,875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోవడానికి దారి తెరిచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు కేవలం 2.4 గిగాహెర్ట్జ్ బాక్స్ తెచ్చి బిగించారంటే, పాత స్టాకు వదిలించుకోవడం తప్ప నాకు వేరే కారణం కనబడటం లేదు.

ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. వచ్చిన టెక్నీషియన్ మర్యాదస్థుడే. తన ఫోన్‌ను బాక్స్‌కు దాదాపు ఆనించి టెస్టు చేసి, "వైఫైల గింతే వస్తది సార్, అందరికి ఇంతే," అన్నాడు. అందరికీ అంతే వస్తోందన్న మాట నిజమే కావచ్చు, అందరికీ అదే బాక్స్ పెట్టి ఉంటే. తర్వాత వైరు మీద వచ్చిన 94ను చూపించి లైన్ బాగుందని తేల్చాడు. 300కు డబ్బు కట్టినవారికి 94 చూపించి బాగుందనడం ఏమి లెక్కో అడిగితే, అది ఆఫీసువాళ్లను అడగాలన్నాడు. వెళ్లే ముందు ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు. ఆ ఓటీపీ ఫిర్యాదును మూసివేయడానికే. సమస్య తీరకముందు దాన్ని చెప్పకండి. చెప్పిన మరుక్షణం మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు రికార్డులో చేరుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మేము చెప్పలేదు. అయినా సాయంత్రానికి సమస్య పరిష్కరించామంటూ మెసేజ్ వచ్చింది, అది వేరే సంగతి.

మా పై అంతస్తులో ఉండే ఆవిడకు ఇదే సంస్థ కనెక్షన్, ఇదే బాక్స్. ఆవిడకు పడకగదిలో సిగ్నల్ కోసమని మూడు వేల రూపాయల పైచిలుకుకు ఎక్స్‌టెండర్ ఒకటి అమ్మారు. ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్ విన్న మాటనే అదే ఛానల్ మీద మళ్లీ చెప్పాలి, అందువల్ల దాని వెనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఆవిడ ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం అక్కడే తిరుగుతూ ఉంటుంది. గీతలు ఎక్స్‌టెండర్‌తో ఉన్న దగ్గరితనాన్ని చూపిస్తాయి తప్ప ఇంటర్నెట్ వేగాన్ని కాదు. 40 వచ్చే మూలాన్ని అలాగే ఉంచి ఎక్స్‌టెండర్ కొనడం అంటే ఆ నలభైని పంచుకోవడమే.

ఇక్కడే ఇంకో గోతిలో పడే ప్రమాదం ఉంది. బాక్స్ వైఫై బాగాలేదని తెలిసినవారు చాలామంది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న మంచి డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కొనుక్కొస్తారు. సంస్థ బాక్స్‌కు గిగాబిట్ పోర్టు ఉంటే ఇది చక్కటి పరిష్కారం. 10/100 పోర్టు మాత్రమే ఉంటే ఎంత ఖరీదైన రౌటర్ తగిలించినా దానిలోకి వెళ్లేదే 94, బయటికి వచ్చేదీ అంతే. అందుచేత రౌటర్ కొనే ముందు ఓఎన్‌టీ అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి.

సంస్థను తప్పుపట్టకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ప్లాన్ స్పీడ్ మెగాబిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్ జరుగుతున్నప్పుడు కనిపించేది తరచుగా మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 300 ప్లాన్‌కు సెకనుకు 37 మెగాబైట్లు వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. పాత ఫోన్లలో, చవక టీవీలలో 5 గిగాహెర్ట్జ్ ఉండకపోవచ్చు. వైఫై సెక్యూరిటీ సెట్టింగులో టీకేఐపీ అనే పాత పద్ధతి ఎంచుకుని ఉంటే ఎంత కొత్త బాక్స్ అయినా 54కు దిగిపోతుంది, దాన్ని ఏఈఎస్‌కు మార్చాలి. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనమైనది. బాక్స్‌ను ప్రధాన ద్వారం పైన కరెంటు బోర్డు పక్కనో, టీవీ యూనిట్ లోపలి అరలోనో బిగిస్తే చివరి గదికి చేరేసరికి మిగిలేది కొద్దే. ఫైబర్ లాగేవారికి సులువైన చోటు మనకు పనికొచ్చే చోటు కాకపోవచ్చు. ఇంకో పది మీటర్ల తీగ లాగమని ఆ రోజే అడగాలి, తర్వాత అడిగితే చార్జీ అంటారు.

రాత్రి ఎనిమిది తర్వాత వైరు మీద కూడా వేగం పడిపోయి, తెల్లవారుజామున బాగుంటే అది సంస్థ వైపు రద్దీ. ఇళ్లకు ఫైబర్ పంచే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద వచ్చే సుమారు 2.5 గిగాబిట్లను స్ప్లిటర్ పెట్టి 32, 64 ఇళ్లకు పంచుతారు, ఆ పైన సంస్థ కొన్న బ్యాండ్‌విడ్త్ కూడా సరిపోవాలి. ఈ తేడా పట్టుకోవాలంటే స్పీడ్ టెస్టులో తనంతట తాను ఎంచుకునే సర్వర్ కాకుండా ముంబై సర్వరో చెన్నై సర్వరో పెట్టి చూడండి. సంస్థ సొంత సర్వర్ మీద అంకె ఎప్పుడూ అందంగానే వస్తుంది. ఎర్ర లైటు వెలగడం, ఉండి ఉండి తెగిపోవడం తీగ లోపాలు. టీవీ వెనుక ఫైబర్ మడత పడినా కాంతి బలం తగ్గుతుంది. బాక్స్ అందుకునే బలం మైనస్ 27 డీబీఎం (కాంతి బలానికి కొలత) కన్నా కిందికి పోతే కనెక్షన్ నిలవదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలిన దుర్ఘటన తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు నగరంలో ఎన్నో ఇళ్లకు నెట్ పోయింది. అలాంటివాటికి బాక్స్‌తో సంబంధం లేదు.

డబ్బు కట్టకముందు బాక్స్ మోడల్ పేరు, అది డ్యూయల్ బ్యాండా కాదా, లాన్ పోర్టు గిగాబిట్టా కాదా అన్న మూడు సంగతులు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాటగా డ్యూయల్ బ్యాండే సార్ అని చెప్పే సేల్స్‌మన్ బిగించే రోజున కనబడడు. 100 లోపు ప్లాన్ తీసుకునేవారికి 10/100 పోర్టు అడ్డం రాదు, కానీ వైఫై కోసం 5 గిగాహెర్ట్జ్ మాత్రం వారికీ అవసరమే. మొదటి నెలకు మాత్రమే కట్టి చూసే వీలుంటే, ఏడాది తగ్గింపు కన్నా అదే లాభం. చట్టం దగ్గరికి వెళితే మనకు దొరికే ఆసరా తక్కువ: 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2 ఎంబీపీఎస్ మాత్రమే.

ఫిర్యాదు దారి మాత్రం ఉంది. కస్టమర్ కేర్‌లో చెప్పి డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. అక్కడ పని కాకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆ కంపెనీలోనే అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి రాయాలి. ఒక్కొక్కరి ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పుకోవచ్చు. మేము స్టిక్కర్ ఫోటో, 94 చూపించే టెస్టు, లింక్ స్పీడ్ 72 చూపించే ఫోన్ స్క్రీన్ జతచేసి అప్పీలు పెట్టిన తర్వాతే సంస్థ కదిలింది. గిగాబిట్ పోర్టున్న డ్యూయల్ బ్యాండ్ బాక్స్ తెచ్చి హాలు మధ్య గోడకు బిగించారు. ప్లాన్ అదే, తీగ అదే. ఇప్పుడు వైరు మీద 290 పైన, చివరి పడకగదిలో 90 దరిదాపుల్లో వస్తోంది. తక్కువ వేగంతో గడిచిన నెలలకు డబ్బు తగ్గించమని అడిగిన మెయిల్‌కు ఇంకా జవాబు లేదు. పై అంతస్తు ఆవిడకు బాక్స్ మార్చారు గానీ, తెరిచిన వస్తువని ఎక్స్‌టెండర్‌ను వెనక్కి తీసుకోలేదు. దాని మీద 1915లో ఫిర్యాదు నమోదై ఉంది.