నల్ల కారు, బోరు నీళ్లు: సెరామిక్ కోటింగ్‌తో మూడేళ్లు

2022 డిసెంబరులో కొన్న మా నల్ల కారుకు వారం తిరగకముందే సెరామిక్ కోటింగ్ (రంగు మీద రాస్తే గట్టిపడి, నీరు, మురికి అంటకుండా చూసే పలుచని పారదర్శక పూత) వేశాను. హనుమకొండలో మా ఇంటి ముందున్న రేకుల షెడ్డులోనే పనంతా జరిగింది.

కొత్త బండి కదా, కడిగి వేసేస్తే చాలని అనుకోవద్దు. వేళ్లకు ప్లాస్టిక్ సంచి తొడిగి బానెట్ మీద రాసి చూస్తే గరుకుగా తగిలింది. ఇనుప రేణువులను కరిగించే ద్రవం చల్లగానే డోర్ల కింద ఊదారంగు చారలు కారాయి. ఆ తర్వాత అంటుకున్న మురికిని లాగేసే బంకముద్ద (క్లే బార్), సన్నగీతలు పోవడానికి పాలిష్, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం. శనివారమంతా దీనికే సరిపోయింది. ఇక్కడ వదిలేసిన గీత కోటింగ్ కింద అలాగే ఉండిపోతుంది.

ఆదివారం పొద్దున్నే కోటింగ్ ద్రవాన్ని రెండడుగుల మేర చొప్పున నిలువుగా, అడ్డంగా రాస్తూ, ఇంద్రధనుస్సు రంగులు తేలగానే మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తూ వచ్చాను. పైకప్పు మీద ఒకచోట ఆలస్యమై నల్లటి మరక గట్టిపడింది. పాలిష్‌తో తీసి మళ్లీ వేయాల్సి వచ్చింది. మన ఏప్రిల్, మే ఎండల్లో బండి రేకు కాలిపోతుంటే ఆ ద్రవం తుడిచేలోపే ఆరిపోతుంది. అందుకే చలికాలమే మేలు. ఒక రోజంతా చుక్క నీరు తగలనివ్వలేదు, వారం దాకా షాంపూ వాడలేదు.

ఫలితం చూసి నిజంగా సంతోషించాను. గోదావరిఖనిలో ఉన్న అక్కయ్య ఇంటికి వెళ్లొస్తే పట్టే బొగ్గుధూళి పైపు నీళ్లకే చాలావరకు జారిపోయేది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నుంచి ఎర్రమట్టితో తిరిగివచ్చిన బండిని అరగంటలో కడిగేశాను.

గీతలు పడవనే ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. సీసా మీద ఉండే 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనపు కొలత, అంత గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడదని మాత్రమే దానర్థం. కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీ వెనుక వెళ్తుంటే ఎగిరివచ్చిన రాయి బంపర్ రంగును లేపేసింది. రాళ్ల దెబ్బకు రంగు మీద అంటించే మందపాటి ప్లాస్టిక్ ఫిల్మ్ కావాలి, ఈ పలుచని పూత చాలదు.

అన్నిటికన్నా బాధపెట్టింది మా బోరు నీరు. కోటింగ్ మీద నీరు ముత్యాల్లా నిలుస్తుంది. ఎండలో ఆ ముత్యం ఆరితే సున్నపు వలయం మిగులుతుంది. రెండో వేసవికి పైకప్పు నిండా అవే. కొత్త మరకలు నీళ్లు కలిపిన వెనిగర్‌కు పోయాయి. పాతవి లోపలికి తినేశాయి, పాలిష్ పడితే అక్కడి కోటింగూ పోయింది. అప్పటి నుంచి సూర్యుడు రాకముందే కడిగి, చివరిసారి నల్లా నీళ్లు పోసి, వెంటనే తుడిచేస్తున్నాను. సీసా కొనేముందు మీ నీటి సంగతి చూసుకోండి.

మూడో వానాకాలానికి బానెట్, పైకప్పుల మీద నీరు ముత్యాలు కట్టక పరుచుకోవడం మొదలైంది, అంటే అక్కడ పూత అరిగిందన్నమాట. డోర్ల మీద ఇంకా జారుతూనే ఉంది. ఎండ పడే ఆ రెండు భాగాలకే ఈ చలికాలంలో మళ్లీ వేస్తాను. పాత సీసాలో మిగిలినది తేమ తగిలి గడ్డకట్టింది కాబట్టి ఈసారి చిన్న సీసా తెచ్చుకున్నాను.