నల్గొండల ఇంట్ల కూసొని వర్చువల్ అసిస్టెంట్ పని, నేను రెండేండ్లు వాడిన యాప్‌ల రివ్యూ

పోయిన వారం దేవరకొండ నుంచి మా వదినోళ్ల చెల్లె ఫోన్ చేసింది. అక్కా నేను గూడ నీ లెక్క వీఏ, అంటే వర్చువల్ అసిస్టెంట్ పని షురూ చేద్దామనుకుంటున్న, ఒక కోర్సు వాళ్లు సాఫ్ట్‌వేర్ల కిట్ అంట, 18 వేలు అంటున్నరు, కట్టాల్నా అని అడిగింది. కట్టకు బిడ్డా అని చెప్పిన. ఎందుకంటే రెండేండ్ల కింద నేను చిట్టి ఎత్తిన పైసలల్లకెళ్లి 12 వేలు పెట్టి అసొంటి కిట్టే ఇంకొకల దగ్గర కొన్న, తీరా చూస్తే అందుల ఉన్నయి అన్నీ ఫ్రీగ దొరికే యాప్‌ల లింకులు, ఒక పీడీఎఫ్, నాలుగు ఈమెయిల్ నమూనాలు. ఆ 12 వేల బాధ ఇప్పటికీ పోలే, అందుకే ఆమెకు ఫోన్ల చెప్పిందంతా ఇక్కడ వివరంగ రాస్తున్న, మన దిక్కు ఇంకెవలకన్న పనికొస్తది.

తెల్వనోళ్లకు ముందుగాల ఒక మాట. వర్చువల్ అసిస్టెంట్ అంటే వేరే ఊర్ల ఉన్నోళ్ల ఆఫీస్ పని మనింట్ల నుంచి చేసిపెట్టుడు. మెయిల్స్ చూసుడు, మీటింగులు పెట్టుడు, బిల్లులు ఎక్కించుడు, ఇన్‌స్టాల పోస్టులు వేసుడు. మన నల్గొండకు 2023ల ఐటీ టవర్ వచ్చింది, సంతోషమే, కానీ నాకు చిన్న పాప ఉంది, పొద్దుగాల పోయి రాత్రికొచ్చే ఉద్యోగం నాతోని కాదు. నాకు ఇద్దరు క్లయింట్లు. ఒకాయన అమెరికా న్యూజెర్సీల ట్యాక్స్ ఫైలింగ్ పని చేస్తడు, ఇంకొకామె గద్వాల్ చీరలు ఆన్‌లైన్ల అమ్మే అక్క. ఈ ఇద్దరి పని మీద నాకు ఏది అక్కరకొచ్చింది, ఏది రాలే అన్నదే ఈ రివ్యూ.

అందరు లిస్టుల ఆఖర్ల పెట్టేది నేను ముందు పెడ్తున్న, బిట్‌వార్డెన్. ఇది పాస్‌వర్డ్‌లు దాచుకునే యాప్. పోయినేడు ఎండకాలంల నా ఫోన్ కిందవడి డిస్‌ప్లే పోయింది, గడియారం సెంటర్ దగ్గర ఒక షాపుల రిపేర్‌కు ఇచ్చిన. కొత్త డిస్‌ప్లే వేసినంక ఆ పిల్లగాడు మేడం ప్యాటర్న్ చెప్పుండ్రి, టచ్ మంచిగ పనిచేస్తుందా చూస్త, మీరు ఒక గంట ఆగి రాండ్రి అన్నడు. నాకు గుండె జల్లుమన్నది. న్యూజెర్సీ సార్ ఆఫీస్ మెయిల్ పాస్‌వర్డ్, ఆయన క్లయింట్ల కాగితాలు ఉండే పోర్టల్ పాస్‌వర్డ్, అన్నీ వాట్సాప్ చాట్ల స్టార్ కొట్టి పెట్టుకున్న. ఎవరో ముక్కు మొహం తెల్వని మనుషుల జీతాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లెక్క అమెరికోళ్లకు ఉండేటివి) అందుల ఉంటయి, ఆయన నన్ను నమ్మి ఇచ్చిండు, నేను వాటిని ఫోన్ల ఎట్ల పడితే అట్ల పడేసిన. నేనే ఓపెన్ చేసి చూపిస్త తమ్మీ అని చెప్పి అక్కడ్నే స్టూల్ మీద కూసున్న, పని అయ్యేదాక లేవలే. ఆ పిల్లగాడు మంచోడే, ఏం కాలే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

తెల్లారి బిట్‌వార్డెన్ పెట్టుకున్న. ఫ్రీ ప్లాన్ల ఎన్ని పాస్‌వర్డ్‌లన్న పెట్టుకోవచ్చు, ఫోన్ల ల్యాప్‌టాప్‌ల రెండింట్ల నడుస్తది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవలన్న చూడొచ్చు. ఫ్రీలనే ఇద్దరు మనుషులు కలిసి ఒక ఆర్గనైజేషన్ పెట్టుకొని పాస్‌వర్డ్‌లు పంచుకోవచ్చు, మనకూ క్లయింట్‌కూ అది చాలు, ఇప్పుడు సార్ అందులనే పెడ్తడు, వాట్సాప్‌ల పంపుడు బంద్ అయింది. రేపు నేను పని మానేస్తే నన్ను అందులకెళ్లి తీసేసి పాస్‌వర్డ్‌లు మార్చుకుంటే అయిపోతది. ఒక్కటే జాగ్రత్త, యాప్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ వాళ్లు గూడ తీసియ్యలేరు, వాళ్ల దగ్గర అది ఉండదు. నేను కాగితం మీద రాసి బీరువల బంగారం డబ్బాల పెట్టిన, మా అమ్మకు ఒక్కదానికే చెప్పిన. ఇంకా టూ స్టెప్ లాగిన్ (పాస్‌వర్డ్ కొట్టినంక ఇంకో కోడ్ గూడ అడిగేది) తప్పకుండ ఆన్ చేసుకోండ్రి, అది గూడ ఫ్రీనే.

రెండోది గూగుల్ క్యాలెండర్. ఇది అందరి ఫోన్ల ఉంటది గనక ఎవ్వలు పట్టించుకోరు, నేను గూడ పట్టించుకోలే, దాని ఫలితం 2025 మార్చి 10 నాడు అనుభవించిన. అమెరికాల గడియారాలు ఏడాదికి రెండుసార్లు మారుస్తరు, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. చలికాలమంతా సార్‌తోని మీటింగ్ వాళ్ల పొద్దున తొమ్మిదిన్నరకు, అంటే మనకు రాత్రి 8 గంటలకు ఉండేది. ఆ సోమవారం గూడ నేను నిమ్మళంగ పాపకు అన్నం తినిపించి 8కి కూసున్న. ఆయన మన 7 గంటలకే వచ్చి ఎదురుచూసి ఎదురుచూసి పోయిండు, నాలుగు మెసేజులు పెట్టిండు, నేను ఫోన్ వంటింట్ల పెట్టి చూస్కోలే. వాళ్లకు ఏప్రిల్ 15 లోపల ట్యాక్స్ ఫైలింగ్ అయిపోవాలె, మార్చి అంటే ఊపిరాడని టైం, ఆయనతోపాటు ఒక కస్టమర్ గూడ లైన్ల ఉన్నడంట. సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన.

తప్పు యాప్‌ది కాదు, నాది. ఈవెంట్ పెట్టేటప్పుడు ఇండియా టైంల పెట్టిన. టైం పక్కకు టైం జోన్ అని చిన్నగ ఉంటది, అది ఒత్తి న్యూయార్క్ టైం ఎంచుకుంటే వాళ్ల గడియారం మారినప్పుడు మన ఈవెంట్ దానంతట అదే 8 నుంచి 7కి జరుగుతది. ఇంకా కంప్యూటర్ల గూగుల్ క్యాలెండర్ తెరిచి దాని సెట్టింగ్స్‌కి పోయి సెకండరీ టైం జోన్ ఆన్ చేస్తే పక్కపక్కకు రెండు టైంలు కనవడ్తయి. ఆ దేవరకొండ చెల్లెకు ముందుగాల ఇదే నేర్పిన. కాలెండ్లీ అని ఇంకొకటి ఉంది, లింక్ పంపిస్తే వాళ్లకు వీలైన టైం వాళ్లే ఎంచుకుంటరు, ఎవరి టైం వాళ్లకు కనవడ్తది. ఫ్రీల ఒక్క రకం మీటింగే పెట్టుకోవచ్చు, షురువుల అది చాలు.

గంటల లెక్కకు క్లాకిఫై వాడ్తున్న. పని షురూ చేసినప్పుడు బటన్ ఒత్తాలె, అయిపోయినంక ఆపాలె, నెలాఖరుకు ఏ క్లయింట్‌కు ఎన్ని గంటలు అన్నది రిపోర్ట్ వస్తది, పీడీఎఫ్ తీసి పంపొచ్చు, అంతా ఫ్రీ. టాగుల్ గూడ పెట్టి చూసిన, ఎస్టోనియా కంపెనీది, చూసేటందుకు ఇంకా నీటుగ ఉంటది, ఐదుగురి దాక ఫ్రీ, ఒక్కరే చేసుకునేటోళ్లకు రెండిట్ల ఏదైనా ఒక్కటే, నాకు క్లాకిఫై ముందు అలవాటయింది అంతే. ఇది లేకముందు నేను నోటుబుక్కుల అందాజగ రాసేదాన్ని, మెయిల్ చూసిన పది నిమిషాలు, ఫోన్ల చిన్న సవరణ చేసిన పావుగంట, ఇవేవీ లెక్కల రాకపోయేటివి.

ఇక్కడ కొత్తోళ్లు అందరు చేసే ఒక పొరపాటు చెప్తా, చానా రోజులు నేను చేసిన. గంట 45 నిమిషాలు పని చేస్తే బిల్లుల 1.45 అని కొట్టేదాన్ని. బిల్లుకు అది గంట, ఇంకో గంటల వందకు 45 వంతులు, అంటే 27 నిమిషాలు మాత్రమే. కొట్టాల్సింది 1.75. గంటన్నర అయితే 1.50, గంట పావు అయితే 1.25. ప్రతి రోజుకు ఒక లైన్ చొప్పున ఇట్ల తప్పు కొడితే నెలకు దగ్గర దగ్గర నాలుగు గంటల కూలి పోయింది. ఒకరోజు సార్‌కు చెప్తే ఆయన పాత బిల్లులు అన్నీ మళ్ల చూసి తరువాత నెల కలిపి ఇచ్చిండు. క్లాకిఫైల రిపోర్ట్‌ను దశాంశాలల్ల గూడ తీసుకోవచ్చు, అట్ల తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

బిల్లుకు జోహో ఇన్‌వాయిస్. పూర్తిగ ఫ్రీ, డాలర్లల్ల బిల్లు చెయ్యొచ్చు, పైసలు రాకపోతే రిమైండర్ అదే పంపుతది, మనం అడగాలంటే మొహమాటం ఉంటది గద. ఈ కంపెనీ మీద నాకు వేరే ఇష్టం గూడ ఉంది, తమిళనాడుల తెన్‌కాశి దగ్గర ఊర్ల ఆఫీస్ పెట్టి అక్కడి పిల్లలతోని ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ చేయిస్తున్నరు, మన నల్గొండల మన పాలమూరుల గూడ అట్ల కావాలని నా ఆశ.

పైసలు వచ్చే దారి గురించి జర ఆలోచించి పెట్టుకోండ్రి. పేపాల్ అందరికి తెల్సు, పెట్టుకునుడు సులువు, పాన్ కార్డు ఇయ్యాలె, బయటి దేశాలతోని లావాదేవీలకే మన దగ్గర నడుస్తది, దేశం లోపలి పేమెంట్లు 2021 ఏప్రిల్ నుంచి బంద్. కానీ నాలుగు శాతం పైనే ఫీజు పోతది, డాలర్‌ను రూపాయి చేసేకాడ ఇంకింత పోతది. వైజ్ అని ఇంకొకటి ఉంది, దాంట్లకెళ్లి క్లయింట్ డైరెక్ట్‌గ మన బ్యాంకు ఖాతాకు పంపొచ్చు, అసలు మార్కెట్ రేటు ఇచ్చి ఫీజు విడిగ చూపిస్తది, నాకు దాంతోనే ఎక్కువ మిగులుతుంది. ఏ దారిల వచ్చినా బయటి దేశం నుంచి వచ్చిన ప్రతి పేమెంట్ కాగితం ఒక ఫోల్డర్ల దాచుకోండ్రి, రిటర్న్ వేసేటప్పుడు సీఏ అదే అడుగుతడు.

పని లిస్టుకు ట్రెల్లో మంచిది, ఫ్రీల పది బోర్డులు ఇస్తది. రావాల్సినయి, చేస్తున్నయి, సార్ చూడాల్సినయి, అయిపోయినయి అని నాలుగు వరసలు పెట్టుకున్న, ఒక్కో పనికి ఒక కార్డు, దాన్ని ఒక్కో వరసకు జరుపుతుంటే సార్‌కు నన్ను అడిగే పనే ఉండదు. కానీ అందరికి ట్రెల్లో అంటే నడవదు. గద్వాల్ అక్కకు పది రోజులు చెప్పిన, ఆమె మొహం వాడిపోయింది. ఆమె పనంతా వాట్సాప్ వాయిస్ మెసేజుల మీదనే నడుస్తది, అందుకే ఆమెకు వాట్సాప్ బిజినెస్ పెట్టిన. పైసలు రావాలె, ప్యాక్ చెయ్యాలె, కొరియర్ పోయింది అని లేబుల్స్ పెట్టిన, చీరల ఫోటోలు రేట్లు క్యాటలాగ్‌ల ఎక్కించిన, దానికేం ఖర్చు లేదు. మన దిక్కు దుకాణాలోళ్లకు పని చెయ్యాలనుకుంటే ఇదొక్కటి మంచిగ నేర్చుకున్నా బతుకుదెరువు ఉంటది, నిజంగ చెప్తున్న.

ఆమె పోస్టర్లకు కాన్వా, తెలుగు అక్షరాలు గూడ వస్తయి, పండుగలప్పుడు అరగంటల పని అయిపోతది, అంతకంటే చెప్పేదేం లేదు. మీటింగులకు గూగుల్ మీట్ వాడండ్రి, ఇద్దరే మాట్లాడుకుంటే గంట దాటినా కట్ కాదు, జూమ్ ఫ్రీల 40 నిమిషాలకు ఆగుతది. లూమ్ అని ఇంకోటి, మన స్క్రీన్ రికార్డ్ చేసి మాటలతోని పంపొచ్చు, ఫ్రీల ఐదు నిమిషాల వీడియోలు 25 దాక. మెయిల్ రాసుడు రానోళ్లకు ఇది దేవుడిచ్చిన వరం లెక్క. నేను తెలుగు మీడియం, షురువుల ఇంగ్లీష్ల పెద్ద మెయిల్ రాయాలంటే చెమటలు వట్టేవి, లూమ్‌ల స్క్రీన్ చూపించుకుంట రెండు ముక్కలు మాట్లాడితే సార్‌కు సాఫ్‌గ సమజయ్యేది.

ఇప్పుడైతే ఇంగ్లీష్ మెయిల్స్‌కు ఏఐ యాప్‌ల సాయం తీసుకుంటున్న, దాపరికం ఏం లేదు. రెండు కట్టుబాట్లు పెట్టుకున్న. ఒకటి, క్లయింట్ పేర్లు, నంబర్లు, ఖాతాలు అందుల ఎన్నడూ పెట్టను. రెండు, అది రాసింది సొంతంగ చదవకుండ పంపను. ఒకసారి గద్వాల్ చీరకు క్యాప్షన్ రాయమంటే ప్యూర్ సిల్క్ చీర అని రాసిచ్చింది. ఆ చీర ఒళ్లంతా కాటన్, అంచు కొంగు మాత్రమే పట్టు, వాటిని కుప్పడం పద్ధతిల కలిపి నేస్తరు, గద్వాల్ గొప్పతనమే అది. పోస్ట్ వేసేముందు అక్కకు చూపించిన కాబట్టి ఆమె పట్టుకుంది. లేకుంటే కొన్నోళ్లు పట్టు అనుకొని కొని మోసపోయినం అని ఆమెను తిట్టేటోళ్లు, మగ్గం మీద కష్టపడ్డోళ్ల పేరు పోయేది.

సాఫ్ట్‌వేర్ కాదు గని, కరెంట్ పోయినా నెట్ నడవనీకి రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండ్రి, ఎండకాలంల గాలిదుమారం వచ్చిన రోజు దాని విలువ తెలుస్తది.

నెలనెలా నేను కట్టేది ఒక్క దానికే, గూగుల్ వన్ 100 జీబీ, 130 రూపాయలు. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికి కలిపి ఫ్రీగ ఇచ్చే 15 జీబీ ఆ చీరల ఫోటోలతోని ఏడాదిల నిండింది. మా చెల్లె మొన్న ఆదివారం నల్గొండ వచ్చింది, ఇద్దరం కూసొని బిట్‌వార్డెన్, క్యాలెండర్, క్లాకిఫై మూడు పెట్టినం, ఇప్పటికి చాలు అన్న. ఆ 18 వేలు పోస్టాఫీసుల వేస్త అక్కా అనుకుంట సాయంత్రం దేవరకొండ బస్సెక్కింది.