మెదక్ చర్చికి పొద్దున వెళ్లండి

మొదటిరోజు తప్పు మాదే. హనుమకొండలో ఆలస్యంగా బయలుదేరి, సిద్దిపేటలో బస్సు మారి మెదక్ చేరేసరికి పొద్దు వాలింది. చర్చిలో అడుగుపెడితే, ఎన్నో విన్న ఆ రంగుటద్దాలు రాతపలకల్లా నల్లగా ఉన్నాయి. ఆ బొమ్మలకు సూర్యుడే దీపం. చేసేది లేక బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రమే. వేడినీళ్లు మాత్రం మాటలోనే వేడి.

మర్నాడు తొమ్మిదింటికల్లా మళ్లీ వెళ్లాం. అద్దాలన్నీ మేలుకున్నాయి. క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. ఇవి వచ్చింది 1927, 1947, 1958లలో. అంటే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిననాడు ఒక్కటీ లేదన్నమాట.

మామయ్య వాటికేసి చూడనే లేదు. కరీంనగర్ గ్రానైటు క్వారీల్లో ఏళ్లపాటు పనిచేసిన మనిషి. నేరుగా వెళ్లి స్తంభం మీద అరచెయ్యి ఆనించాడు.

"అల్లుడూ, ఇది ఉలికి లొంగే రాయి కాదు. ఎలా లొంగదీశారో!"

నిజమే. ఇది గోథిక్ చర్చి, అంటే మధ్యయుగాల ఐరోపా పద్ధతిలో కట్టింది. ఇంగ్లాండులో ఇలాంటివి చాలావరకు మెత్తటి సున్నపురాయివి. దాన్ని లేసు అల్లినట్టు చెక్కవచ్చు. ఇక్కడి బూడిదరంగు గ్రానైటు అంత సుకుమారానికి ఒప్పుకోదు. అందుకే మెదక్ అందమంతా ఎత్తులో, కొసదేలిన కమానుల్లో ఉంది: 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. వెస్లియన్ (ప్రొటెస్టెంట్లలో మెథడిస్టు శాఖ) మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో పదేళ్లు కట్టారు. మొదటి ప్రపంచయుద్ధకాలపు కరువులో చుట్టుపక్కల పల్లెలకు ఈ పనే తిండి పెట్టింది. నేలమీది రంగు పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి. రాళ్లు మోసిన చేతులు మాత్రం ఇక్కడివే.

మా ఉమ్మడి వరంగల్‌లోని డోర్నకల్ చర్చి నాకు ఇంకా ఇష్టం. బిషప్ అజరయ్య కట్టించిన ఆ చర్చిలో మసీదు గుమ్మటాలు, గుడి మంటపపు స్తంభాలు కలిసి కాపురం చేస్తాయి. మెదక్ పరాయి రూపంలోనే నిలిచింది. కానీ తల పైకెత్తించడంలో దీనిదే పైచేయి.

ఆదివారం ఆరాధన ఉంటుంది, క్రిస్మస్‌కు ఇసుక వేస్తే రాలదు. తీరిగ్గా చూడాలంటే మామూలు రోజే మేలు. మధ్యాహ్నం దగ్గర్లోని ఏడుపాయల దుర్గమ్మ గుడికి వెళ్దామని ఆటో కూడా మాట్లాడాను. వెనక్కి తిరిగి చూస్తే మామయ్య ఇంకో స్తంభం దగ్గర, రాయికీ రాయికీ మధ్య అతుకు వెతుకుతూ గోటితో గీస్తున్నాడు.