అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన 1969 లైఫ్ పత్రిక, కొనొచ్చా?

ముందే రేటింగ్ చెప్పేస్తా. పత్రికకి ఐదుకి ఐదు, కండిషన్‌కి రెండు, అమ్మినాయన బేరానికి మూడున్నర.

ఆదివారం అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఎంసెట్ గైడ్ల పక్కన పాత ఇంగ్లీషు పత్రికల కట్ట ఒకటి కనబడింది. అందులో 1969 జూన్ 27 నాటి లైఫ్, అమెరికా వాళ్ల ఫొటోల వారపత్రిక. ఎనిమిది వందలన్నాడు, నాలుగు వందలకి దిగాడు, ఆపైన ససేమిరా అన్నాడు. వెనకట్ట లేదు, పిన్నులు తుప్పు పట్టాయి, రెండు పేజీలు అతుక్కుపోయాయి, ముక్కవాసన సంగతి చెప్పక్కర్లేదు.

ఇక అసలు సరుకు. వియత్నాం యుద్ధంలో మే 28 నుంచి జూన్ 3 దాకా, ఆ ఒక్క వారంలో చనిపోయారని అమెరికా ప్రకటించిన 242 మంది సైనికుల పేర్లు, వయసులు, ఊర్లు, దొరికినంతవరకు ఫొటోలు. అంతే. నెత్తురు లేదు, శవాలు లేవు, పేలుళ్లు లేవు. చాలావరకు స్కూల్లోనో సైన్యంలో చేరినప్పుడో దిగిన ఫొటోలు, హాల్ టికెట్ మీద ఫొటోల్లాగా వరసగా పేర్చేశారు. సూటూ టై వేసుకుని బుద్ధిగా కూర్చున్నవాళ్లు, నవ్వు ఆపుకుంటున్నట్టున్నవాళ్లు, కింద చూస్తే వయసు పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. పేజీ తిప్పితే మళ్లీ అవే వయసులు. ఇదే పత్రిక రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943 సెప్టెంబర్‌లో, న్యూగినీలోని బూనా తీరం ఇసుకలో పడి ఉన్న ముగ్గురు అమెరికన్ సైనికుల శవాల ఫొటో వేసింది, దానికి ప్రభుత్వం అనుమతి రావడానికే నెలలు పట్టింది. అందులో ముఖాలు గుర్తుపట్టలేం. ఇందులో ఉన్నవన్నీ ముఖాలే. నన్నడిగితే ఇదే ఎక్కువ కలచివేస్తుంది, ఎందుకంటే శవాల ఫొటోలు ఫోన్లో రోజూ చూసి చూసి వేలు దానంతటదే పైకి తోసేస్తోంది, బతికున్నప్పటి ముఖాన్ని అలా తోసెయ్యలేం. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు చనిపోయినప్పుడు కూడా జనానికి గుర్తుండిపోయింది యూనిఫాంలో ఉన్న ఆ ఫొటోనే కదా, ఘర్షణ ఫొటో ఎవరు చూశారని.

లోపం లేదా అంటే ఉంది, పెద్దదే. అదే వారంలో చనిపోయిన వియత్నాం వాళ్లు ఈ లెక్కలో లేరు, ఊళ్లలో పోయిన ఆడవాళ్లూ పిల్లలూ అసలే లేరు. వాళ్ల వైపు నుంచి ప్రపంచం మర్చిపోలేని ఫొటోల్లో ఒకటి ఇంకో మూడేళ్లకి వచ్చింది: 1972 జూన్ 8న, ట్రాంగ్ బాంగ్‌లో దక్షిణ వియత్నాం విమానం వేసిన నాపామ్‌కి (ఒంటికి అంటుకుని మండే బాంబు) కాలిన ఒంటితో రోడ్డు మీద పరుగెత్తిన తొమ్మిదేళ్ల కిమ్ ఫుక్. (ఆ ఫొటో తీసింది ఎవరన్న గొడవ రేగి, 2025లో వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ అప్పటిదాకా ఆ ఫొటోగ్రాఫర్‌గా చెప్పిన నిక్ ఉట్ పేరుని తాత్కాలికంగా పక్కన పెట్టింది, అది వేరే పంచాయితీ.) ఆ పాపకి కూడా పేరూ వయసూ తెలిశాయి కాబట్టే మనకి గుర్తుంది. మిగతావాళ్లకి అదీ లేదు. ఈ సంచిక చూసేటప్పుడు ఆ వెలితి మనసులో పెట్టుకునే చూడాలి.

కొనాలా అంటే, లైఫ్ పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగానే చూడొచ్చు, చదవడానికే అయితే డబ్బులు దండగ. కానీ ఫోన్లో ఒక్కో ముఖం పెద్దది చేసి చూసుకోవాలి, ఇక్కడ పెద్ద సైజు పేజీ నిండా అందరూ ఒకేసారి కనబడతారు. నాలుగు వందలు దానికే ఇచ్చాను. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి జనం కలియబెట్టేస్తారు, వాన పడితే టార్పాలిన్ కప్పేసి కూర్చుంటారు. డబ్బులిచ్చే ముందు పేజీలన్నీ తిప్పి చూసుకోండి, ఆయన తొందర పెట్టినా సరే.